రెండు తులాల కంచు

విక్టోరియా క్రాసు అనే పతకాన్ని తూకం వేస్తే రెండు తులాల పైచిలుకు తూగుతుంది. అంతే. బంగారం కాదు, వెండి కూడా కాదు, కంచు. 1856లో విక్టోరియా రాణి దీన్ని నెలకొల్పిన నాటినుంచీ లండనులో హాంకాక్స్ అనే నగల దుకాణం వారే తయారుచేస్తూ వస్తున్నారు. క్రిమియా యుద్ధంలో రష్యన్ల దగ్గర పట్టుకున్న ఫిరంగులను కరిగించి పోత పోస్తారని లోకంలో వాడుక. తరవాతి కాలంలో లోహాన్ని పరీక్షించినవారు, అవి రష్యా ఫిరంగులు కావు, చాలామటుకు చైనావి అయివుంటాయన్నారు. రష్యాదైనా చైనాదైనా కంచు కంచే. పాత సామాన్ల కొట్లో వేస్తే కాఫీ నీళ్ళ ఖర్చుకు సరిపోతుందేమో.

కానీ అదే కంచు 2004లో లండను వేలంపాటలో 235,250 పౌండ్లు పలికింది. బ్రిటిషు వైమానిక దళంలో పనిచేసిన ఒకాయన పతకమది. అప్పటి మారకం లెక్కన మన రూపాయల్లో రెండు కోట్లకు కాస్త తక్కువ. అంతకు ముందునుంచే ఈ పతకాలను పోగుచేసే ధనవంతులు కొందరు లోకం మీద పడి వెతుకుతున్నారు. వాళ్ళలో మొదటివాడైన ఆష్‌క్రాఫ్ట్ ప్రభువు దగ్గర ఇప్పుడు రెండు వందలకు పైగా ఉన్నాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే హర్యానాలోని ఝజ్జర్ జిల్లా పల్రా గ్రామంలో, కొద్దిపాటి పొలం, కొద్దిపాటి పింఛనుతో బతుకుతున్న ఒక ముసలాయన దగ్గర ఇలాంటి పతకం ఒకటుంది. కొంటామని పెద్ద మొత్తం చెప్పినవారున్నారు. ఆయన అమ్మలేదు. ఆయన పేరు ఉమ్రావ్ సింగ్. 2005 నవంబరు 21న కన్నుమూశాడు. వీరుల జాబితాల్లో ఒక పంక్తిగా ఆయన పేరు చాలాచోట్ల కనబడుతుంది. పంక్తి కంటే కాస్త ఎక్కువ చెప్పుకోవలసిన మనిషి అనిపించి ఇది రాస్తున్నాను.

ఆయన కథలోకి వెళ్ళే ముందు రెండు పాత సంగతులు చెప్పాలి. అవి తెలియకపోతే ఆయన చేసిన పనిలోని విశేషం సగమే అర్థమవుతుంది.

మొదటిది పతకం సంగతి. దీన్ని నెలకొల్పిన తరవాత యాభై అయిదేళ్ళ పాటు భారతీయ సిపాయిలకు దీనికి అర్హత లేదు. అదే యుద్ధంలో, అదే కందకంలో, పక్కపక్కన నిలబడి పోరాడినా తెల్ల సైనికుడికి విక్టోరియా క్రాసు, మనవాడికి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే వేరే పతకం. 1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు అయిదో జార్జి ఆ అడ్డు తొలగించాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1914 అక్టోబరు 31న, బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్ అనే మెషీన్‌గన్ సిపాయి తన జట్టంతా చనిపోయాక కూడా తుపాకి వదలకుండా పోరాడి, శత్రువులు శవమనుకుని వదిలేసిపోతే పాక్కుంటూ వెనక్కు వచ్చి, ఆ పతకం అందుకున్న మొదటి భారతీయ సైనికుడయ్యాడు. ఈ ఘటన గుర్తుంచుకోండి, ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ దాదాపు ఇలాంటిదే చూడబోతున్నాం.

రెండోది ఫిరంగి సంగతి. 1857లో సిపాయిల చేతుల్లో ఉన్న ఫిరంగులు తమవైపే తిరిగేసరికి ఇంగ్లీషువాళ్ళు హడలిపోయారు. ఆ తరవాత భారతీయుల చేతికి ఫిరంగి ఇవ్వకూడదన్నది వాళ్ళ సైనిక నీతి అయింది. కొండల్లో సరిహద్దు తెగల మీద వాడే చిన్న ఫిరంగుల దళాలు మాత్రం మినహాయింపు. మైదానంలో వాడే పెద్ద ఫిరంగులతో మనవాళ్ళ దళాన్ని మళ్ళీ నిలబెట్టింది 1935లో, బెంగుళూరులో. అంటే డెబ్బై ఎనిమిదేళ్ళు! ఒక జాతి మొత్తాన్ని ఒక యంత్రం దగ్గరకు రానివ్వకపోవడమంటే మాటలు కాదు. భయం ఎంత గట్టిదో చూడండి.

ఉమ్రావ్ సింగ్ చేరింది ఆ మినహాయింపులోకే, కొండ ఫిరంగి దళంలోకి. 1920లో పుట్టాడు. జాట్ల కుటుంబం, వ్యవసాయం. పల్రా అప్పట్లో పంజాబు రాష్ట్రంలోని రోహ్‌తక్ జిల్లాలో ఉండేది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లవాడు పద్దెనిమిదేళ్ళవాడైతే పొలమో పల్టనో అన్నట్టు ఉండేది. 1939లో యుద్ధం మొదలైంది, ఈయన పల్టనులో చేరాడు.

ఇక్కడ చిన్న పక్కదారి. జాట్లు, సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు యుద్ధానికి పుట్టిన జాతులనీ, దక్షిణాదివారు అందుకు పనికిరారనీ తేల్చిన సిద్ధాంతం ఒకటుండేది. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ దొర దీనికి పెద్ద ప్రచారకుడు. దాని ఫలితంగా తెలుగువారిని సైన్యంలోకి తీసుకోవడం క్రమంగా తగ్గిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తరవాత మద్రాసు పదాతి దళాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. ఇందులోని వింత ఏమిటంటే, ఉత్తరాదిన హిందీ, ఉర్దూల్లో 'తెలంగా' అంటే సిపాయి అని అర్థం. కుంపిణీవాళ్ళు తొలినాళ్ళలో సిపాయిలను మన తెలుగు దేశంలో కూర్చుకున్నందువల్ల ఏర్పడిన మాట అది. ఏ జాతి పేరు సిపాయికి పర్యాయపదమైందో ఆ జాతికే సిపాయితనం లేదని ధ్రువీకరణ పత్రం! రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, రెండు లక్షల సైన్యాన్ని పాతిక లక్షలు చేయవలసిన అగత్యం ఏర్పడ్డాక ఆ సిద్ధాంతాన్ని చడీచప్పుడు లేకుండా మడిచి అటక మీద పెట్టారు. మద్రాసు రెజిమెంటు మళ్ళీ పుట్టింది.

సరే, బర్మాకు వెళదాం.

మన కోస్తావారికి బర్మా పరాయి దేశం కాదు. 'రంగం' వెళ్ళని కుటుంబం శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు అరుదు. కోరంగి రేవునుంచి ఓడలెక్కి వెళ్ళేవారు కాబట్టి బర్మావాళ్ళు మనవాళ్ళందరినీ 'కోరంగీలు' అనేవారు. రంగూను రేవులోను, ధాన్యం మరల్లోను, అరకాను తీరంలోని అక్యాబులోను మూటలు మోసినవారిలో తెలుగు కూలీలు ఎందరో. 1942లో జపానువాళ్ళు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాదిమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో చనిపోయినవారికి లెక్క లేదు. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అంచేత ఉమ్రావ్ సింగ్ పోరాడిన యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిన యుద్ధమే.

అక్యాబు దగ్గర సముద్రంలో కలిసే నది పేరు కలదాన్. ఆ నదీలోయ వెంట 1944 చివర్లో మిత్ర సైన్యాలు రెండోసారి కిందికి దిగుతున్నాయి. మొదటిసారి, ఆ ఏడాది మొదట్లో, దిగి వెనక్కు రావలసివచ్చింది. ఈ దండయాత్రలో ప్రధానమైన బలగం మనది కాదు, ఇంగ్లండుదీ కాదు. పశ్చిమ ఆఫ్రికానుంచి వచ్చిన 81వ డివిజను: నైజీరియా, గోల్డ్ కోస్టు (నేటి ఘనా), సియెర్రా లియోన్, గాంబియా దేశాల యువకులు. రోడ్లు లేవు. సరుకులన్నీ విమానాలు పైనుంచి జారవిడవడం, కింద ఆ ఆఫ్రికన్ సైనికులు నెత్తిన పెట్టుకుని మోయడం. ఎక్కడి ఘనా, ఎక్కడి కలదాన్! ఒక వలస దేశపు రైతుబిడ్డ, ఇంకొక వలస దేశపు రైతుబిడ్డ కాపలాలో నిలబడి, మూడో వలస దేశంలో, నాలుగో దేశపు రైతుబిడ్డతో యుద్ధం చేశాడు. యజమాని మాత్రం లండనులో ఉన్నాడు. చరిత్రలో ఇలాంటి ఏర్పాట్లు తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ డివిజనుకు చెందిన గోల్డ్ కోస్టు రెజిమెంటు 8వ పటాలానికి అండగా నిలిచిన కొండ ఫిరంగి దళంలో ఉమ్రావ్ సింగ్ హవల్దారు. ఒక ఫిరంగి, దాని చుట్టూ పనిచేసే చిన్న జట్టు అతని ఆధీనంలో ఉన్నాయి. కొండ ఫిరంగి అంటే భాగాలుగా విడదీసి కంచరగాడిదల మీద కెక్కించి తీసుకుపోయేది. విప్పడం, ఎత్తడం, దించడం, బిగించడం, ఇదంతా నిమిషాల్లో జరగాలి. ఆ బరువులు ఎత్తడానికి వాడే ఇనుప కడ్డీ ఒకటుంటుంది. మన పలుగు లాంటిదనుకోండి. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

1944 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగినదాన్ని పతక ప్రకటనలో నమోదు చేశారు. అలంకారాలేమీ లేకుండా నా మాటల్లో చెబుతాను.

ముందుకు జరిపి నిలబెట్టిన రెండు ఫిరంగుల్లో ఒకటి ఉమ్రావ్ సింగ్‌ది. మొదట జపాను ఫిరంగులు, మోర్టార్లు గంటన్నరసేపు ఆ చోటును దున్నిపోశాయి. తరవాత కనీసం రెండు కంపెనీల పదాతి సైనికులు మీదపడ్డారు. మొదటి దాడిలోనే రెండు చేతిబాంబుల దెబ్బలు తగిలాయి అతనికి. జట్టును కూడగట్టుకుని ఆ దాడిని తిప్పికొట్టాడు. రెండో దాడి వచ్చింది. ఫిరంగికి ముందున్న ఇనుప పలక మీదుగా బ్రెన్ తుపాకి ఆనించి తానే కాల్చాడు. అప్పటికి శత్రువులు అయిదు గజాల దూరంలో ఉన్నారు. అయిదు గజాలంటే మన వీధి అరుగుకీ, ఎదురింటి అరుగుకీ మధ్య ఉన్నంత. మూడోది, నాలుగోది కూడా అలాగే తిరగ్గొట్టారు. అప్పటికి జట్టులో చచ్చినవారూ గాయపడి పడిపోయినవారూ పోగా అతను, ఇంకో ఇద్దరు మిగిలారు. పక్క ఫిరంగి శత్రువు చేతికి చిక్కింది. తూటాలు అయిపోయాయి.

ఆఖరి దాడి వచ్చేసరికి అతని చేతిలో ఉన్నది ఆ ఇనుప కడ్డీ ఒక్కటే. మిగిలినవారిని పిలుచుకుంటూ దాంతోనే వాళ్ళ మధ్యకు దూకాడు. ముగ్గురిని పడగొట్టడం చూసినవారున్నారు. ఆ తరవాత జనం మీదపడి స్పృహ తప్పేలా కొట్టేశారు.

ఆరు గంటల తరవాత మనవాళ్ళు ఎదురుదాడి చేసి ఆ చోటు తిరిగి తీసుకున్నప్పుడు అతను ఫిరంగి పక్కనే పడివున్నాడు. ఏడు పెద్ద గాయాలు. మొహం పోల్చుకోవడానికి వీల్లేకుండా ఉంది. చుట్టూ పదిమంది జపాను సైనికుల శవాలు. ఊపిరి ఉంది. ఫిరంగి చెక్కుచెదరలేదు, అదే రోజు మళ్ళీ పేలింది.

పదాతి దళానికి జెండా ఎలాంటిదో ఫిరంగి దళానికి ఫిరంగి అలాంటిది. వాళ్ళకు వేరే జెండా ఉండదు, ఫిరంగే నిషాను. దాన్ని శత్రువుకు వదిలేసి రావడం కంటే అవమానం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ళపాటు ఎవరి చేతికి ఫిరంగి ఇస్తే ద్రోహం చేస్తారని భయపడ్డారో, వాళ్ళలో ఒకడు ఫిరంగిని వదలలేక ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరి సామ్రాజ్యం కోసం అని అడిగేవారుంటారు, న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ అయిదు గజాల దూరంలో సామ్రాజ్యం కనబడదని నా అభిప్రాయం. పక్కన పడివున్న తన జట్టు కనబడుతుంది.

1945 అక్టోబరు 15న బకింగ్‌హామ్ రాజమందిరంలో ఆరో జార్జి అతనికి విక్టోరియా క్రాసు తొడిగాడు. ఆ యుద్ధం మొత్తంలో బ్రిటిషు, భారత ఫిరంగి దళాలు రెంటిలోనూ హవల్దారు, సార్జెంటు వంటి చిన్న అధికారుల్లో ఈ పతకం వచ్చింది ఇతనొక్కడికే. 1946లో సైన్యం వదిలాడు గాని, దేశం స్వతంత్రమయ్యాక మళ్ళీ చేరాడు. స్వతంత్ర భారత సైన్యంలో సుబేదార్ మేజర్ దాకా ఎదిగాడు. తరవాత గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చారు. 1983లో పద్మభూషణ్ వచ్చింది. ఇలా వరసపెట్టి చెబితే నిండైన జీవితం లాగే ఉంటుంది, కాదనను. కానీ పద్మభూషణాలతో పొయ్యి వెలగదు కదా.

విక్టోరియా క్రాసు అందుకున్నవారికి బ్రిటిషు ప్రభుత్వం ఏటా కొంత పైకం ఇస్తుంది. ఉమ్రావ్ సింగ్‌కు వచ్చేది ఏడాదికి 168 పౌండ్లు. 1960 ప్రాంతంలో నిర్ణయించిన మొత్తం అది. 1995 వచ్చినా అదే. అప్పటి లెక్కన నెలకు ఏడువందల రూపాయల చిల్లర. మన సైన్యం ఇచ్చే పింఛను దీనికి వేరు, అదీ గొప్పదేమీ కాదు. ముప్పై అయిదేళ్ళలో ధరలు ఎక్కడినుంచి ఎక్కడికి పోయాయో నేను చెప్పాలా?

పింఛను అనే మాట దగ్గర మా తాతయ్య గుర్తుకొస్తున్నాడు. మా అమ్మ నాన్నగారు. ఆయన మద్రాసు సాపర్లలో పనిచేశాడు. సాపర్లంటే సైన్యానికి దారులు వేసేవాళ్ళు, వంతెనలు కట్టేవాళ్ళు, శత్రువు పాతిపెట్టిన మందుపాతరలు తవ్వి తీసేవాళ్ళు. (ఇండియన్ సైన్యానికి వచ్చిన మొదటి జార్జి క్రాసు ఈ దళానిదే: ఇటలీలో 1944 ఫిబ్రవరి 24న తోటివాళ్ళను కాపాడడానికి మందుపాతర మీద పడి ప్రాణం విడిచిన సుబేదార్ సుబ్రహ్మణ్యం, తమిళుడు.) మాది పశ్చిమ గోదావరి. అక్కడ 'మిలటరీ మాధవరం' పేరు వినని వారుండరు. ఇంటికొక సిపాయి ఉన్న ఊరని దాని ప్రసిద్ధి. మా తాతయ్యది ఆ ఊరు కాదు గాని ఆ గాలే తగిలిందేమో, పద్దెనిమిదేళ్ళకు బెంగుళూరు పోయి చేరిపోయాడు.

ఆయనకున్నవి శౌర్య పతకాలు కావు. యుద్ధంలో ఉన్నవారందరికీ ఇచ్చేవే: బర్మా స్టార్, వార్ మెడల్, ఇంకా ఒకటి రెండు. బర్మా గురించి మేము అడిగితే జలగలు, వాన అని రెండే మాటలు చెప్పేవాడు. చెప్పడం కంటే చేయడం ఎక్కువ ఆయన. మా జడలకు రిబ్బన్లు కట్టేవాడు, బూట్ల లేసులు ఎలా ముడేయాలో ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి నేర్పేవాడు. పింఛను తెచ్చుకునే రోజున మనవలకు తలా ఒక బిస్కట్ పొట్లం, ఎవరికీ ఎక్కువా తక్కువా కాకుండా. జ్వరం వస్తే రాత్రంతా కాపలా డ్యూటీలాగే కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. నేను ఉయ్యాల్లో ఉండగా, గిలక్కాయ కొనడం ఎందుకని, తన పతకాన్ని రంగు రిబ్బనుతో సహా ఉయ్యాల గొలుసుకు వేలాడదీశాడని మా అమ్మ చెబుతుంది. బర్మా స్టారుకు ఆరు కోణాలుంటాయి, పిల్లకి గుచ్చుకుంటుందని అది తీసేసి గుండ్రంగా ఉన్న వార్ మెడల్ కట్టాడట. దాని మీద రెండు తలల డ్రాగన్‌ను తొక్కుతూ సింహం బొమ్మ ఉంటుంది. ఒక సామ్రాజ్యం గెలుపును చాటడానికి చెక్కించుకున్న బొమ్మ, పాలకొల్లు తాలూకాలో ఒక పసిపిల్ల చప్పరించడానికి పనికివచ్చింది.

ఆ వార్ మెడల్ ఇప్పటికీ మా అమ్మ దగ్గరుంది. బ్రిటిషు సైనికులకు ఇచ్చిన ఈ పతకాలు పేరు లేకుండా ఉండేవి. భారత సైన్యంవారికి ఇచ్చినవాటికి మాత్రం అంచుమీద నంబరు, హోదా, పేరు కొట్టి ఇచ్చారు. తాతయ్య పేరు, అరిగిపోయి, వెలుగులో ఓరగా పట్టుకుంటే కనబడుతుంది. బర్మా స్టారు లేదు. ఆయన పోయిన కొన్నాళ్ళకు పాత ఇత్తడి, రాగి సామాన్లతో పాటు స్టీలు గిన్నెలవాడి గంపలోకి వెళ్ళిపోయింది. ఎవరు వేశారో ఎవరూ ఒప్పుకోరు. బదులుగా ఏ గిన్నె వచ్చిందో కూడా తెలియదు. నాకు కోపం లేదు. ఇంట్లో ఆడవాళ్ళకు అది తుప్పు పట్టిన నక్షత్రం. దానివెనక ఉన్న వానలు, జలగలు ఆయన ఎవరికీ చెప్పందే.

మళ్ళీ పల్రాకు వస్తాను. 1995లో ఐరోపా యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సందర్భంగా లండనులో పెద్ద ఉత్సవం జరిగింది. బతికివున్న విక్టోరియా క్రాసు వీరులను పిలిచారు. ఉమ్రావ్ సింగ్ వెళ్ళాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ప్రముఖుల గుడారం దగ్గర కాపలావాళ్ళు ఆపేశారు. జాబితాలో పేరు లేదన్నారు. ఆ దళాలన్నిటిలోకీ పెద్ద పతకం ఛాతీ మీద వేలాడుతోంది. ఆ పతకం ఉన్నవాడు హవల్దారైనా సరే ఎదురుపడితే సేనాపతులు సెల్యూట్ చేయడం బ్రిటిషు సైన్యంలో ఆనవాయితీ. కానీ జాబితా జాబితానే! చివరకు ఉత్సవ నిర్వహణ చూస్తున్న బ్రిగేడియర్ టామ్ లాంగ్లండ్ ఆ పతకాన్ని గుర్తుపట్టి లోపలికి తీసుకువెళ్ళాడు. ఆయన ఆ సమయానికి అటు రాకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నాకు ఈ ఘట్టంలో నచ్చింది ఆ తరవాతి భాగం. లోపలికి వెళ్ళనిచ్చారు కదా అని ఆయన మురిసిపోయి, టీ తాగి, ఫొటో దిగి ఊరుకోలేదు. ప్రధానమంత్రి జాన్ మేజర్‌కే చెప్పాడు: ఇండియాలో మాకు ఇస్తున్నది ఏడాదికి 168 పౌండ్లు, ఇది ఏనాటి లెక్క, అని. విన్నపం కాదు, ఫిర్యాదు. మేజర్ విన్నాడు. ఆ ఏడాదే మొత్తాన్ని 1,300 పౌండ్లకు పెంచారు. విక్టోరియా క్రాసు ఉన్నవారందరికీ.

ఆయన్ను డబ్బు అక్కరలేని సన్యాసిగా చూపించే కథనాలు చదివినప్పుడు నాకు అందుకే చిరాకు. డబ్బు అక్కరలేక కాదు. తనకు రావలసిన డబ్బు దొరగారి మొహం మీదే అడిగిన మనిషి ఆయన. అదే మనిషి పతకాన్ని మాత్రం అమ్మనన్నాడు. అమ్మితే యుద్ధంలో పడిపోయినవారి గౌరవానికి మచ్చ తెచ్చినట్టవుతుందని కారణం చెప్పాడు. ఈ రెండు పనులూ ఒకే తర్కంలోంచి వచ్చాయని నాకనిపిస్తుంది. పింఛను తనది, తను చేసిన ఉద్యోగానికి బాకీ, అడగడానికి సిగ్గెందుకు? పతకం తన ఒక్కడిది కాదు. ఆ రాత్రి ఫిరంగి చుట్టూ పడిపోయిన జట్టులో ఎవరి పేర్లూ పతకాల మీద లేవు. వాళ్ళ వాటా కూడా ఆ రెండు తులాల కంచులోనే ఉంది. ఉమ్మడి ఆస్తిని ఒకడు అమ్ముకోకూడదన్నది మన పల్లెల్లో ఏ రైతుకైనా తెలిసిన ధర్మమే. ఆయన పట్టుకున్నదీ ఆ ధర్మమేనని నేననుకుంటాను.

పతకాలు అమ్ముకున్న వృద్ధ సైనికులనూ, వాళ్ళ పిల్లలనూ నేను తప్పుపట్టను. ఇంగ్లండులో సైతం కూతురి చదువుకో, ఇంటి కప్పుకో అమ్ముకున్నవారున్నారు. ఆకలి ముందు పతకం ఏపాటిది? తప్పుపట్టవలసింది, వేలంపాటలో లక్షల పౌండ్లు పలికే వస్తువును ఇచ్చి, అది పెట్టుకున్న మనిషికి ముప్పై అయిదేళ్ళ పాటు ఒకే చిల్లర విసిరిన ఏర్పాటును. కొన్నవాడికి కంచు విలువ తెలుసు, ఇచ్చినవాడికి మనిషి విలువ తెలియలేదు.

2005లో ఆయనకు క్యాన్సర్ ముదిరింది. ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో చేర్చారు. నవంబరు 21న పోయాడు. మరునాడు పల్రాలో సైనిక లాంఛనాలతో దహనం చేశారు. సైన్యాధిపతి జె.జె. సింగ్, హర్యానా ముఖ్యమంత్రి హూడా వచ్చారు. అప్పటికి నేపాలులో గూర్ఖా వీరులు కొందరు మిగిలివున్నారు గాని, భారతీయుల్లో విక్టోరియా క్రాసు పెట్టుకున్నవారిలో ఆయనే ఆఖరివాడు. వాళ్ళలో రెండో ప్రపంచ యుద్ధంలో పతకం పొందిన గూర్ఖాలూ ఒకరొకరే వెళ్ళిపోయారు; 2011లో తుల్ బహదూర్ పున్ మరణంతో వాళ్ళ వరసా ముగిసింది.

2015లో బ్రిటిషు ప్రభుత్వం విక్టోరియా క్రాసు ఉన్నవారికి ఇచ్చే వార్షిక భృతిని 2,129 పౌండ్లనుంచి ఒక్కసారిగా 10,000 పౌండ్లు చేసింది. అందుకోవడానికి పాత బ్రిటిషిండియా సైన్యంవాడు ఒక్కడూ లేడు.